కొత్త మచ్చ పాత గడ్డ సంతానమేనా?

ప్రశ్న: మా అమ్మగారి వయసు 61. నాలుగున్నరేళ్ల కిందట కుడి రొమ్ములో గడ్డ వస్తే ఆపరేషన్ చేసి తీసేశారు. చంకలోంచి తీసిన 14 లింఫ్ గ్రంథుల్లో దేనిలోనూ క్యాన్సర్ లేదని రిపోర్టులో రాశారు. ఈఆర్, పీఆర్ (గడ్డ కణాల్లో ఈస్ట్రోజన్, ప్రొజెస్టరాన్ హార్మోన్లను అందుకునే గ్రాహకాలు) పాజిటివ్, హెర్-2 (కణాల పెరుగుదలను ప్రేరేపించే ప్రొటీన్) నెగెటివ్ అన్నారు. అప్పటి నుంచి రోజూ లెట్రోజోల్ మాత్ర వేసుకుంటున్నారు. రెండు నెలలుగా దగ్గు తగ్గకపోతే స్కాన్ తీయించాం. ఎడమ ఊపిరితిత్తి పైభాగంలో ఒక మచ్చ, కాలేయంలో రెండు చిన్న మచ్చలు ఉన్నాయట. డాక్టరుగారు మళ్లీ బయాప్సీ చేయాలంటున్నారు. పాత రిపోర్టు ఉండగా మళ్లీ గుచ్చడం ఎందుకని, గుచ్చితే చెల్లాచెదురవుతుందని మా మేనమామ అడ్డుపడుతున్నారు. గడ్డ మొత్తం తీసేశాక, గ్రంథుల్లో కూడా లేదన్నాక, ఇది ఎక్కడి నుంచి వచ్చినట్టు? కణాలు ఎలా విడిపోతూ వచ్చాయో, ఎప్పుడు ఎటు వెళ్లాయో ఆనవాలు పట్టే పరిశోధన వచ్చిందని చదివాను. అమ్మకు అలాంటి పరీక్ష చేయించవచ్చా? ఇంకొక మాట. గడ్డ సంగతి అమ్మ ఆరు నెలలు మాకు చెప్పకుండా దాచింది. నేను ఇంట్లోనే ఉండి కనిపెట్టలేకపోయాను. ఆ ఆరు నెలల్లోనే పాకిందా?
– ఒక పాఠకుడు, గాజువాక, విశాఖపట్నం

సమాధానం:

మీరు అడిగినవాటిలో వెంటనే తేలవలసింది బయాప్సీ సంగతి కాబట్టి దానికే ముందు జవాబు చెబుతాను: చేయించండి. మేనమామగారిది తోబుట్టువు మీద ఉన్న ఆపేక్షతో పుట్టిన భయమే గాని, మీ అమ్మగారి విషయంలో సూది వల్ల కలిగే ప్రమాదం కంటే, సూది గుచ్చకుండా నాలుగున్నరేళ్ల నాటి కాగితం చూసి మందు మొదలుపెట్టడం వల్ల కలిగే ప్రమాదమే పెద్దది. ఎందుకో చెప్పాలంటే కణితి అనేది అసలు ఏమిటో కొంచెం వివరంగా మాట్లాడుకోవాలి. నేను మైక్రోస్కోపు ముందు కూర్చుని, విద్యార్థులకు పాథాలజీ చెప్పి రిటైరైన వాణ్ణి. అందుచేత స్లైడు మీద కనిపించేదాని గురించే మాట్లాడతాను. మందుల ఎంపిక, మోతాదు మీ డాక్టరుగారివి.

మనం గడ్డ అనగానే గోళీకాయ లాంటి ఒకే వస్తువు మనసులో మెదులుతుంది. ఉన్నచోట ఉంటుంది, తీసేస్తే పోతుంది అనుకుంటాం. నిజానికి అది ఒక వంశం. ఒక కణం రెండుగా, ఆ రెండు నాలుగుగా చీలుతూ 30 తరాలు గడిస్తే లెక్క ప్రకారం 107 కోట్ల కణాలవుతాయి. ఒక సెంటీమీటరు గడ్డలో స్థూలంగా 100 కోట్ల కణాలుంటాయని మా వైద్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న అంచనా. అంటే చేతికి తగిలేనాటికే ఆ వంశంలో కనీసం ముప్పై తరాలు గడిచిపోయి ఉంటాయి. మధ్యలో చనిపోయిన కణాల జాగాను పూరించడానికి జరిగిన విభజనలను కూడా కలుపుకుంటే అంతకంటే చాలా ఎక్కువే.

ప్రతి విభజనకు ముందు కణం తన డీఎన్‌ఏ మొత్తాన్ని నకలు తీసుకోవాలి. తల్లి నుంచి వచ్చిన ప్రతిలో 300 కోట్ల అక్షరాలు, తండ్రి నుంచి వచ్చిన ప్రతిలో మరో 300 కోట్లు. దిద్దుబాటు యంత్రాంగం ఎంత చక్కగా పనిచేసినా అంత పెద్ద గ్రంథం తిరగరాసేటప్పుడు ఒకటి రెండు చోట్ల తప్పు పడకుండా ఉండదు. ఆ తప్పు పడిన కణానికి పుట్టిన సంతానమంతా ఆ తప్పును అలాగే రాసుకుంటూ పోతుంది.

మా తాతగారు చేత్తో నకలు రాసుకున్న ఒక శతకం మా ఇంట్లో ఉండేది. అందులో ఒక పద్యానికి మూడో పాదం లేదు. చాలా ఏళ్ల తరువాత విజయనగరంలో బంధువుల ఇంట మరో నోటుపుస్తకం చూశాను. అందులోనూ సరిగ్గా ఆ పాదమే లేదు. రాసింది వేరే చేయి, వేరే సిరా. అయినా రెండు పుస్తకాలూ ఒకే ప్రతిని చూసి రాసినవనో, ఒకదాన్ని చూసి మరొకటి రాసినదనో ఎవరూ సాక్ష్యం చెప్పనక్కరలేకుండానే తెలిసిపోయింది. ఆ రెండో పుస్తకంలో ఇంకో రెండు తప్పులు అదనంగా ఉన్నాయి. అవి మా తాతగారి ప్రతిలో లేవు కనుక ఆ రెండో పుస్తకం నుంచి మా తాతగారి ప్రతి పుట్టలేదన్నమాట. బ్రౌన్ దొర కాలం నుంచీ మన ప్రాచీన కావ్యాలను పరిష్కరించినవారు పట్టుకున్న దారి ఇదే: దొరికినన్ని తాళపత్ర ప్రతులు తెప్పించి, పక్కపక్కన పెట్టి, తప్పులు ఎక్కడ కలుస్తున్నాయో ఎక్కడ విడిపోతున్నాయో చూసి, ఏది దేనికి మాతృకో తేల్చడం. కణితుల వంశవృక్షం గీసేవారు చేస్తున్నదీ అక్షరాలా ఈ పాఠభేదాల పనే. కణితిలోని అన్ని కణాలకూ ఉమ్మడిగా ఉన్న తప్పు మూలపురుషుడి నాటిది. కొన్నింటికే ఉన్నది ఒక శాఖది. ఒక చోట మాత్రమే కనిపించేది నిన్నమొన్నటిది.

క్యాన్సర్‌ను ఇలా ఒకే కణం నుంచి పుట్టి, మార్పులు పోగుచేసుకుంటూ, బలమైనవి నిలిచి బలహీనమైనవి రాలిపోయే వంశంగా చూడాలని 1976లో పీటర్ నోవెల్ అనే అమెరికన్ పాథాలజిస్టు స్పష్టంగా ప్రతిపాదించాడు. రక్త క్యాన్సర్‌లో ఫిలడెల్ఫియా క్రోమోజోమ్‌ను 1960లో హంగర్‌ఫర్డ్‌తో కలిసి కనిపెట్టింది కూడా ఆయనే. ఆయన మాట ఎంత నిజమో కళ్లకు కట్టినట్టు తెలియడానికి మాత్రం డీఎన్‌ఏను చౌకగా చదివే యంత్రాలు వచ్చేదాకా ఆగవలసి వచ్చింది. 2012లో లండన్‌లో చార్లెస్ స్వాంటన్ బృందం మూత్రపిండం క్యాన్సర్ రోగుల కణితులను, వారిలో వ్యాపించిన గడ్డలను ఒక్కచోట కాక అనేక చోట్ల ముక్కలు తీసి విడివిడిగా చదివింది. కనిపించిన మార్పుల్లో 63 నుంచి 69 శాతం అన్ని ముక్కల్లోనూ లేవు. ఒకే రోగిలో, ఒకే కణితిలో ఒక మూల చెప్పిన కథ వేరు, మరో మూల చెప్పిన కథ వేరు. రోజుకు అరచేతిలో పట్టేన్ని ముక్కలు చూసి ఇదీ రోగం అని సంతకం పెడుతూ వచ్చిన మా బోటివాళ్లకు ఆ వ్యాసం చదివిన రోజున చేయి కొంచెం వణికిన మాట నిజం.

ఇప్పుడు మీ అమ్మగారి సంగతికి వద్దాం. ఆపరేషన్ నాడు తీసి పరీక్షించినది ఆ వంశంలో ఆనాటి తరం. ఈనాడు ఊపిరితిత్తిలోనో కాలేయంలోనో ఉన్నవి ఒకవేళ ఆ వంశానివే అయితే, అవి నాలుగున్నరేళ్ల పాటు లెట్రోజోల్ అనే కరువును తట్టుకుని బతికినవాటి సంతానం. ఆ మాత్ర ఈస్ట్రోజన్ అందకుండా చేస్తుంది. ఈస్ట్రోజన్ మీదనే ఆధారపడిన కణాలు నశిస్తాయి. అది లేకపోయినా నెట్టుకురాగల మార్పు ఏ కణంలోనైనా ఉంటే అది మిగులుతుంది. ఈ పరిస్థితిలో పాత రిపోర్టులోని ఈఆర్ పాజిటివ్ అన్న మాట ఇప్పటికీ నిజమని నమ్మడానికి వీల్లేదు. తొలి గడ్డను, తరువాత వ్యాపించిన గడ్డను పక్కపక్కన పరీక్షించిన అధ్యయనాలను కలిపి చూస్తే, సుమారు అయిదుగురిలో ఒకరికి ఈఆర్ ఫలితం, పదిమందిలో ఒకరికి హెర్-2 ఫలితం మారినట్టు తేలింది. మందు ఆ రెండు ఫలితాల మీదనే ఆధారపడి ఉంటుంది కదా. ఈఆర్ పాజిటివ్‌గానే ఉన్నా, ఆ గ్రాహకాన్ని తయారుచేసే ఈఎస్ఆర్1 అనే జన్యువులో మార్పు వచ్చి, ఈస్ట్రోజన్ లేకుండానే అది నిరంతరం పనిచేస్తూ ఉండవచ్చు. తొలి గడ్డల్లో ఈ మార్పు చాలా అరుదు. లెట్రోజోల్ కోవకు చెందిన మాత్రలు దీర్ఘకాలం వాడాక తిరగబెట్టిన గడ్డల్లో తరచు కనిపిస్తుంది. ఆ మార్పు ఉన్నవారి కోసం ఎలాసెస్ట్రాంట్ అనే మాత్రకు అమెరికాలో 2023 జనవరిలో అనుమతి కూడా లభించింది. ఈ సమాచారం పాత బ్లాకులో, అంటే ఆనాటి గడ్డ ముక్కను నిలవచేసిన మైనపు దిమ్మలో, వెతికితే దొరికేది కాదు.

అసలు ఆ మచ్చలు ఆ వంశానివి కాకపోవచ్చునన్న సంగతి కూడా మరచిపోకూడదు. ఊపిరితిత్తి పైభాగంలో మచ్చ, రెండు నెలల దగ్గు అనగానే మన దేశంలో ఏ పాథాలజిస్టుకైనా మొదట గుర్తొచ్చేది క్షయ. క్షయ మచ్చ స్కానులో క్యాన్సర్‌లా కనిపించి ఎందరినో మోసగించింది. పెట్ స్కానులో వెలిగినంత మాత్రాన క్యాన్సర్ అని చెప్పడానికి లేదు. పొగతాగని ఆడవారిలోనూ ఊపిరితిత్తి క్యాన్సర్ విడిగా పుట్టడం కద్దు. అప్పుడది రెండో వంశం, దాని వైద్యం పూర్తిగా వేరు. ఈ మూడింటిలో ఏదో తేల్చేది బయాప్సీ ఒక్కటే. రొమ్ము నుంచి వచ్చిన కణాలు సాధారణంగా గాటా-3 అనే రంజనానికి స్పందిస్తాయి, ఊపిరితిత్తిలో పుట్టినవి చాలావరకు టీటీఎఫ్-1కు స్పందిస్తాయి. మా పాథాలజీ వాళ్లు ముందుగా చూసేవి ఇవే. తీసిన ముక్కలో కొంత భాగాన్ని క్షయ పరీక్షకు కూడా పంపమని మీరే గుర్తుచేయండి. క్షయ కల్చర్ (క్రిములను పెంచి చూసే పరీక్ష) చేయవలసిన ముక్కను, మామూలుగా ముక్కలు చెడకుండా ఉంచే ఫార్మలిన్‌లో వేయకూడదు, సెలైన్‌లో పంపాలి. ఫార్మలిన్‌లో వేసిన మరుక్షణం నుంచి అందులోని క్రిములు చచ్చిపోతాయి, ఇక మొలకెత్తవు. చిన్న విషయమే గాని, హడావిడిలో ముక్క మొత్తం ఒకే సీసాలో వేసేసి మళ్లీ రోగిని పిలిపించిన సందర్భాలు నా ఉద్యోగ జీవితంలో చాలానే చూశాను.

ఊపిరితిత్తిలోని దానిని గుచ్చాలా, కాలేయంలోని దానినా అనేది స్కాన్ చూసే రేడియాలజిస్టు, మీ డాక్టరుగారు కలిసి నిర్ణయిస్తారు. ఏది తేలికగా, సురక్షితంగా అందుతుందో దానినే ఎంచుకుంటారు. అయితే కాలేయంలో క్యాన్సర్ అని తేలినంత మాత్రాన ఊపిరితిత్తి మచ్చ కూడా అదేనని చెప్పినట్టు కాదు. ఒకే మనిషిలో క్షయా క్యాన్సరూ రెండూ ఉండవచ్చు. ఆ ప్రశ్న అడగడానికి మొహమాటపడకండి.

సూది దారిలో కణాలు రాలి అక్కడ గడ్డ కట్టడం అనేది వైద్యంలో నమోదైన సంగతే, కాని చాలా అరుదు. మేనమామగారు తేనెతుట్టెను కదిపినట్టవుతుందని భయపడుతున్నారు గాని, ఆ తుట్టెలోని ఈగలు ఎప్పుడో ఎగిరి వచ్చి వాలినవే ఈ మచ్చలు, క్యాన్సరే అయితే. అసలు జాగ్రత్తపడవలసినవి వేరే ఉన్నాయి. ఊపిరితిత్తిని గుచ్చినప్పుడు దాని చుట్టూ గాలి చేరి ఆయాసం రావచ్చు, అందుకే కొన్ని గంటలు అక్కడే ఉంచి ఎక్స్‌రే తీస్తారు. కాలేయంలో గుచ్చితే రక్తస్రావం కావచ్చు. అమ్మగారు గుండె కోసం ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ వంటివి వాడుతుంటే ముందుగానే చెప్పాలి. మీ అంతట మీరు మానిపించకండి.

గ్రంథుల్లో లేనిది ఊపిరితిత్తికి ఎలా వెళ్లిందన్న మీ ప్రశ్న చాలా మంచిది. చాలాకాలం వైద్యులు కూడా క్యాన్సర్ మెట్లు ఎక్కినట్టు, ముందు దగ్గరి గ్రంథులకు, అక్కడి నుంచి దూరపు అవయవాలకు వెళుతుందని భావించేవారు. కణాల వంశవృక్షాలు ఈ ఊహను చాలావరకు సడలించాయి. డీఎన్‌ఏలో గ్వానిన్ అనే అక్షరం వరసగా పది పన్నెండు సార్లు వచ్చే చోట్లుంటాయి. ఒకే అక్షరాన్ని అన్నిసార్లు రాసేటప్పుడు లేఖకుడు లెక్క తప్పినట్టే, కణం కూడా అక్కడ ఒకటి ఎక్కువో తక్కువో రాస్తుంది. విభజనలు జరిగినకొద్దీ ఈ లెక్కతప్పులు పోగవుతాయి కాబట్టి అవి కణాల చుట్టరికాన్ని కొలవడానికి పనికివస్తాయి. ఈ ఆనవాళ్లతో పెద్దపేగు క్యాన్సర్ ఉన్న 17 మందిని పరిశీలించి 2017లో కమిలా నాక్సెరోవా, ఆమె సహచరులు ప్రచురించిన ఫలితం ఇది: సుమారు 65 శాతం కేసుల్లో గ్రంథుల్లోని గడ్డలు, దూరపు అవయవాల్లోని గడ్డలు తొలి కణితిలోని వేర్వేరు శాఖల నుంచి విడివిడిగా బయలుదేరినవే. గ్రంథులు దారి మధ్యలోని మజిలీ కానక్కరలేదన్నమాట. అది పెద్దపేగు లెక్క. దాన్ని తెచ్చి రొమ్ముకు అంటగట్టడం న్యాయం కాదు. కాని గ్రంథులు శుభ్రంగా ఉన్న రొమ్ము క్యాన్సర్ రోగుల్లోనూ కొందరికి తరువాత దూరంగా తిరగబెట్టడం మేము ఎప్పటి నుంచో చూస్తున్నదే. రక్తనాళాల దారి వేరుగా ఉంది. మీ అమ్మగారి చంకలోని 14 గ్రంథులు శుభ్రంగా ఉన్నాయన్న ఆనాటి రిపోర్టు తప్పు కాదు, ఆనాటి వైద్యమూ వృథా కాదు. గ్రంథుల్లో ఉండి ఉంటే తిరగబెట్టే అవకాశం ఇంకా ఎక్కువగా ఉండేది.

బయలుదేరిన కణాల్లో అత్యధికం దారిలోనే చస్తాయి. మిగిలినవి ఏ అవయవంలో నిలదొక్కుకుంటాయో అది విత్తనాన్ని బట్టి, నేలను బట్టి ఉంటుందని స్టీఫెన్ పేజెట్ అనే లండన్ వైద్యుడు 1889లోనే అన్నాడు. రొమ్ము క్యాన్సర్‌తో మరణించిన 735 మంది శవపరీక్షల వివరాలు ముందు పెట్టుకుని అన్న మాట అది. నిలదొక్కుకున్నవి కూడా వెంటనే పెరగనక్కరలేదు. హార్మోన్ గ్రాహకాలున్న రొమ్ము క్యాన్సర్ కణాలు ఏళ్ల తరబడి కదలక మెదలక పడి ఉండగలవు; అయిదేళ్లు మాత్రలు వాడి ఆపిన తరువాత కూడా 20వ ఏడు వరకు అక్కడొకరికి ఇక్కడొకరికి తిరగబెడుతూనే ఉంటుందని 2017లో వెలువడిన పెద్ద విశ్లేషణ చూపించింది. కనుక గడ్డ మొత్తం తీశారన్నదీ నిజమే, తీసిన రోజుకు కంటికి, స్కానుకు అందని కొన్ని కణాలు మరో చోట ఉండి ఉండవచ్చన్నదీ నిజమే.

మీరు చదివిన పరిశోధన బహుశా ఎలుకల మీద జరిగినది. జీవి పెరుగుదలలో ప్రతి కణ విభజననూ మొదటి నుంచి చివరి దాకా నమోదు చేయగలిగింది నాకు తెలిసి ఒక మిల్లీమీటరు పొడవున్న సి. ఎలిగాన్స్ అనే పురుగులోనే. జాన్ సల్‌స్టన్ మైక్రోస్కోపు కింద గంటల తరబడి కళ్లప్పగించి చూసి, 1983 నాటికి తన సహచరులతో ఆ పటం పూర్తిచేశాడు. పెద్దయ్యాక ఆ పురుగుకు ఉండేవి 959 దేహకణాలు. సుమారు 37 లక్షల కోట్ల కణాలున్న మనిషిలో ఆ పని అయ్యేది కాదు. అందుకని క్రిస్పర్ అనే జన్యు కత్తెరను వాడి, కణంలో ముందుగానే ఒక ఖాళీ పలక లాంటి డీఎన్‌ఏ భాగాన్ని అమర్చి, తరం తరానికీ దాని మీద గాట్లు పడేలా చేసే పద్ధతి వచ్చింది. చివరన ఒక్కొక్క కణంలోని గాట్లను చదివితే ఏది ఎవరి సంతానమో తెలుస్తుంది. జొనాథన్ వైస్‌మన్ బృందం 2021లో మనిషి ఊపిరితిత్తి క్యాన్సర్ కణాలకు ఈ పలకను అమర్చి ఎలుక ఊపిరితిత్తిలో పెట్టి చూసింది. ఒకే సీసాలో పెరిగిన కణాలే అయినా కొన్ని వంశాలు పెట్టిన చోటు దాదాపు విడవలేదు, కొన్ని పదే పదే వలసపోయాయి. ఆ తిరుగుడు గుణం సంతానానికీ సంక్రమించింది. నాకు ఇందులో ముఖ్యమనిపించిన సంగతి, తిరిగే గుణం చాలా వంశాలకు బయలుదేరక ముందు నుంచే ఉండటం.

మీ అమ్మగారికి ఈ పరీక్ష చేయించడం కుదరదు, ఎందుకంటే పలకను ముందుగా అమర్చాలి. మనిషి శరీరంలో అలా చేయరు. మనుషుల్లో సహజంగా పడిన నకలు తప్పులనే చదవాలి. అలా చదివి పూర్తి వంశవృక్షం గీయడానికి తొలి గడ్డలోంచి అనేక ముక్కలు, ప్రతి కొత్త మచ్చలోంచీ ముక్కలు, వాటన్నిటినీ లోతుగా చదివే ఖర్చు, లెక్కకట్టే గణిత నిపుణులు కావాలి. ఇది పరిశోధనశాల పని. చివరకు ఆ చెట్టు బొమ్మ చేతికొచ్చినా, ఈ రోజున అది మీ అమ్మగారి మందును మార్చదు. దాని కోసం అప్పు చేయకండి.

మందును మార్చగలిగేవి వేరే ఉన్నాయి, అవి దొరుకుతాయి కూడా. కొత్త ముక్క మీద ఈఆర్, పీఆర్, హెర్-2 మళ్లీ చేయడం అన్నిటికంటే ముఖ్యం. ఖర్చు కూడా తక్కువ. ఆ తరువాత ఈఎస్ఆర్1, పీఐకే3సీఏ వంటి కొన్ని జన్యువులను చూసే పరీక్ష అవసరమా అని డాక్టరుగారిని అడగండి. కణితి కణాలు చచ్చినప్పుడు వాటి డీఎన్‌ఏ తునకలు రక్తంలోకి వస్తాయి కాబట్టి కొన్నిసార్లు రక్తపు నమూనాతోనే ఈ మార్పులు పట్టవచ్చు. అయితే రక్తంలో కనిపించకపోతే లేనట్టు కాదు, పైగా క్షయా కాదా అన్న ప్రశ్నకు అది జవాబు చెప్పదు. ఇందులో ఏది ప్రభుత్వ వైద్య సేవ పథకం కిందకు వస్తుందో, ఏది రాదో ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగితే తరువాత చేతులు కాలవు.

ఇక్కడ ఒక పొరపాటు పడే వీలుంది. ఇంతసేపూ వంశం, జన్యుమార్పు అంటున్నాను గాని, అది కణితి కణాల వంశం. ఆ మార్పులు మీకో, మీ తోబుట్టువులకో రావు. రొమ్ము క్యాన్సర్ ముప్పును పెంచే బీఆర్‌సీఏ వంటి జన్యువుల్లో పుట్టుకతో వచ్చే మార్పుల సంగతి వేరు. అది ఉందో లేదో అమ్మగారి మామూలు రక్తంతో తెలుస్తుంది. ఉంటే ఆమె వైద్యానికీ ఉపయోగపడే మందులున్నాయి, ఇంట్లోని ఆడపిల్లలు జాగ్రత్తపడటానికీ వీలవుతుంది. దాని గురించి కూడా ఒక మాట అడిగి ఉంచండి.

ఇక ఆ ఆరు నెలలు. పాంక్రియాస్ క్యాన్సర్‌తో మరణించిన ఏడుగురి కణితులను 2010లో జాన్స్ హాప్‌కిన్స్ పరిశోధకులు ఇలాగే చదివి, తొలి మార్పు నుంచి కణితి మూలకణం పుట్టడానికే పదేళ్లకు తక్కువ కాకుండా, వ్యాపించే శక్తి రావడానికి మరో అయిదేళ్లకు తక్కువ కాకుండా పట్టిందని లెక్కగట్టారు. రొమ్ము విషయంలో లెక్కలు ఒకే మాట చెప్పలేదు. 2020లో వచ్చిన ఒక విశ్లేషణ, పెద్దపేగు, ఊపిరితిత్తి, రొమ్ము క్యాన్సర్లలో దూరానికి వెళ్లిన కణాలు తరచు తొలి గడ్డ బయటపడడానికి రెండు నుంచి నాలుగేళ్ల ముందే బయలుదేరాయంది. అంతకు ముందు 2017లో రొమ్ము క్యాన్సర్ మీదనే వచ్చిన మరొకటి, దూరపు గడ్డల్లో తొలి గడ్డలోని మార్పులు చాలావరకు ఉండి పైన మరికొన్ని చేరాయి గనుక అవి ఆలస్యంగానే బయలుదేరి ఉంటాయంది. రెండూ పేరున్న శాస్త్రవేత్తల పనులే. ఎక్కువ మంది మీద సగటు చెప్పగల పద్ధతి, ఒక్క మనిషి విషయంలో ఫలానా నెలలో బయలుదేరిందని చెప్పగల స్థాయికి రాలేదు.

ఆలస్యం వల్ల ఏమీ కాదని నేను అనను. గడ్డ కనబడితే రేపటికి వాయిదా వేయవద్దని జీవితమంతా చెప్పినవాణ్ణి. అయితే ముప్పై తరాలకు పైగా సాగిన వంశచరిత్రలో ఆ ఆరు నెలలు చివరి పుటలు. గ్రంథులు శుభ్రంగా ఉండగానే అమ్మగారు ఆపరేషన్ బల్ల ఎక్కారన్నది కూడా అదే చరిత్రలోని మాటే. ఒంటి మీది గడ్డ సంగతి కొడుకుకు చెప్పలేక దాచుకున్న తల్లిని, చెప్పనిది కనిపెట్టలేకపోయిన కొడుకును తప్పుపట్టడానికి నా దగ్గర ఏ స్లైడూ లేదు. ఆమె ఈ మాట మనసులో పెట్టుకుని కుములుతూ ఉంటే, మీరు చదివి వినిపించండి.

బయాప్సీకి వెళ్లే ముందు ఒక పని మిగిలింది. మొదట ఆపరేషన్ జరిగిన ఆసుపత్రి పాథాలజీ విభాగానికి వెళ్లి, ఆనాటి స్లైడ్లు, మైనపు బ్లాకులు కావాలని రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. రసీదు మీద బ్లాకు నంబర్లు రిపోర్టులోని నంబర్లతో సరిపోయాయో లేదో అక్కడే చూసుకోండి. అగనంపూడిలోని టాటా మెమోరియల్ వారి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి మీకు దగ్గరే. అక్కడికి వెళ్లినా, ఇంకెక్కడికి వెళ్లినా, కొత్త ముక్కను చూసే పాథాలజిస్టు పాత ముక్కను కూడా పక్కన పెట్టుకుని చూడగలగాలి, రెండు ప్రతులు ఎదురుగా ఉంటేనే కదా పాఠభేదం తెలిసేది. బ్లాకుల్లోని మైనం అరవై డిగ్రీల లోపే కరుగుతుంది. మే నెల ఎండలో గాజువాక జంక్షన్ దగ్గర నిలిపిన కారు డాష్‌బోర్డు మీద మాత్రం వాటిని వదిలి టీకి దిగకండి.